చదవని ఫ్లాపీ డ్రైవ్‌ను ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా?

"అన్నా, ఫ్లాపీ పెడితే కిర్రుకిర్రుమంటున్నది గాని ఏం చూపిస్తలేదు" అని మిర్యాలగూడ నుంచో దేవరకొండ నుంచో ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. నల్లగొండలో చాలా ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నా దగ్గరికి రావడంలో వింత లేదు. అడిగేవాళ్లలో పాత దస్తావేజుల నకళ్లు ఫ్లాపీల్లో దాచుకున్న లేఖరులు ఉన్నారు, ఊరి గుడి చరిత్రను పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేయించి ఆ ఒక్క ప్రతినే బీరువాలో పెట్టుకున్న పెద్దలు ఉన్నారు, ఫ్లాపీ తప్ప మరేదీ తీసుకోని పాత ఎంబ్రాయిడరీ మిషన్ నడిపే కుర్రవాళ్లూ ఉన్నారు. అందరికీ ఫోన్‌లో విడివిడిగా చెప్పడం కష్టమవుతున్నందున, నేను చేసే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో చెప్పేదంతా 3.5 అంగుళాల 1.44 ఎంబీ ఫ్లాపీ, దాని డ్రైవ్ గురించే. అంతకు ముందటి 5.25 అంగుళాల మెత్తటి ఫ్లాపీల డ్రైవ్‌లకు కూడా శుభ్రం చేసే పద్ధతి చాలావరకు ఇదే, కాని వాటి కేబుల్ కొన, కరెంటు ప్లగ్ వేరుగా ఉంటాయి.

కావలసినవి

- చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, స్క్రూలు వేసుకోవడానికి ఒక గిన్నె మూత.
- 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు.
- గట్టిగా చుట్టిన దూదిపుల్లలు. నురుగు కొన ఉన్నవి దొరికితే ఇంకా మంచిది.
- మెత్తటి పెయింటు బ్రష్షు, గాలి కొట్టే రబ్బరు బల్బు.
- తెల్లటి లిథియం గ్రీజు, గోరు మీద పట్టేంత చాలు.
- టార్చి. ఫోన్‌లోదైనా సరిపోతుంది.
- పోయినా బాధ లేని ఫ్లాపీలు రెండు మూడు. ఈ జాబితాలో అన్నిటికంటే ముఖ్యమైనవి ఇవే.

మందుల షాపులో దొరికే స్పిరిట్‌తో పని కాదా అని చాలామంది అడుగుతారు. అందులో నీళ్లు, మరికొన్ని పదార్థాలు కలిసి ఉంటాయి. అవి ఆరిన తరువాత హెడ్ మీద, అంటే డ్రైవ్ లోపల ఫ్లాపీని తాకి చదివే భాగం మీద, పొరలా మిగిలిపోతాయి. చేతులకు రాసుకునే శానిటైజర్ అసలే వద్దు. పెట్రోలు, థిన్నర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి కాబట్టి వాటిని ఆ గదిలోనే ఉంచకండి. ఐసోప్రొపైల్ కూడా చటుక్కున మండే స్వభావం కలది. కిటికీ తెరుచుకుని, దగ్గరలో పొయ్యి గాని అగరుబత్తి గాని లేకుండా చూసుకుని పని మొదలుపెట్టండి.

1. ముఖ్యమైన ఫ్లాపీని బయటకు తీసి పక్కన పెట్టండి

డ్రైవ్ చదవడం లేదని తెలిసిన తరువాత ప్రతి ఒక్కరూ చేసే పని, అదే ఫ్లాపీని తీసి మళ్లీ పెట్టడం, మళ్లీ తీసి మళ్లీ పెట్టడం. దయచేసి ఆ పని చేయవద్దు. హెడ్ మీద గరుకైన మురికి అతుక్కుని ఉంటే, పెట్టిన ప్రతిసారీ అది మీ ఫ్లాపీని నిమిషానికి 300 చుట్ల వేగంతో గీకుతూ ఉంటుంది.

ఇది నేను సొంత నష్టంతో నేర్చుకున్న సంగతి. ఒక ముసురు కాలంలో, అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న పది ఫ్లాపీల డబ్బాను ఒకాయన నా దగ్గరికి తెచ్చారు. మొదటిదాన్ని చూడకుండానే డ్రైవ్‌లో పెట్టాను, సన్నగా కీచుమన్నది, తీశాను. రెండోది పెట్టాను, మూడోది పెట్టాను. అనుమానం వచ్చి నా సొంత ఫ్లాపీ పెడితే అది కూడా కీచుమన్నది. అప్పుడు బయటకు తీసి ఫ్లాపీకున్న లోహపు తలుపు జరిపి చూస్తే, లోపలి నల్లని గుండ్రటి రేకు మీద గోటితో గీసినట్టు గుండ్రటి గీత ఒకటి మెరుస్తూ కనిపించింది. మొదటి ఫ్లాపీకి పట్టిన బూజు హెడ్‌కు అంటుకుని మిగతా వాటినన్నిటినీ గీకింది. నాలుగు ఫ్లాపీలు అలా పోయాయి, అందులో మూడు నావి కావు.

కాబట్టి పరీక్షలన్నీ పనికిరాని, అంటే పోయినా బాధ లేని, ఫ్లాపీలతోనే చేయండి. డ్రైవ్ బాగుందని రుజువైన తరువాతనే అసలు ఫ్లాపీ దాని దగ్గరికి వెళ్లాలి.

ఇంకొక హెచ్చరిక. ఫ్లాపీ ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. ఎన్నిసార్లు అడిగినా వద్దనే చెప్పండి. ఆ మాటకు అర్థం ఫ్లాపీ ఖాళీగా ఉందని కాదు, దాని మొదటి సెక్టారును, అంటే మొదటి డేటా ముక్కను, డ్రైవ్ చదవలేకపోయిందని మాత్రమే.

2. ఫ్లాపీని వెలుతురులో పరిశీలించండి

లోహపు తలుపును వేలితో పక్కకు జరిపి, వెనక ఉన్న ఇనుప బిళ్లను మెల్లగా తిప్పుతూ, టార్చి వెలుగు ఏటవాలుగా పడేటట్టు పట్టుకుని రేకును రెండు వైపులా చూడండి. రేకును మాత్రం వేలితో తాకకూడదు. తెల్లటి చుక్కలు గాని మసక మచ్చలు గాని కనిపిస్తే అది బూజు. అటువంటి ఫ్లాపీని 10వ మెట్టు చదివేవరకు ఏ డ్రైవ్‌లోనూ పెట్టవద్దు. గుండ్రటి గీత స్పష్టంగా కనిపిస్తే, ఆ గీత పడిన చోట డేటా చాలావరకు పోయినట్టే, మిగతాది దక్కవచ్చు.

తలుపు వంగి ఉంటే డ్రైవ్ లోపల హెడ్‌కు తగులుకుంటుంది, అప్పుడు ఫ్లాపీ బయటకు రాదు. గుంజితే హెడ్ ఊడి వస్తుంది. వంగిన తలుపును ముందే పూర్తిగా తీసి పారేయండి, అది లేకపోయినా ఫ్లాపీ చదవబడుతుంది. రేకుల గదిలో ఎండాకాలాలు గడిపిన ఫ్లాపీలు కొన్ని ఒంకరపోయి ఉంటాయి. బల్లమీద పెడితే నాలుగు మూలలూ ఆనాలి.

మూలన ఉన్న చిన్న కిటికీ గడిని కూడా ఇప్పుడే జరపండి. రంధ్రం తెరిచి ఉంటే ఫ్లాపీ మీద ఏదీ రాయబడదు, అదే మనకు కావాలి. చాలామంది ఇక్కడ తికమకపడతారు: 5.25 అంగుళాల ఫ్లాపీకి గాటును మూస్తే రక్షణ, 3.5 అంగుళాల ఫ్లాపీకి రంధ్రాన్ని తెరిస్తే రక్షణ.

రెండో మూలన ఉన్న గడి లేని రంధ్రం, అది 1.44 ఎంబీ ఫ్లాపీ అని డ్రైవ్‌కు చెప్పే గుర్తు. ఆ రంధ్రం లేనిది 720 కేబీది. కొన్ని పాత యంత్రాలు ఈ రంధ్రాన్ని పట్టించుకోకుండా 1.44 ఎంబీ ఫ్లాపీని కూడా 720 కేబీగానే ఫార్మాట్ చేసేవి. అటువంటి ఫ్లాపీ మన డ్రైవ్‌లో చదవబడదు. ఆ రంధ్రం మీద టేపు ముక్క అతికించి పెడితే చదవబడుతుంది.

3. లైటు, చప్పుడు గమనించండి

పనికిరాని ఫ్లాపీ ఒకటి పెట్టి, చెవి దగ్గరగా ఉంచి, కంప్యూటర్‌లో A: అని కనిపించే ‘ఏ’ డ్రైవ్‌ను తెరవండి. ఏమవుతుందన్న దాన్ని బట్టి ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది.

- లైటు వెలగదు, చప్పుడు లేదు: కరెంటు, కేబుల్ లేదా బయాస్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చూసుకునే మూల సెట్టింగులు) లోపం. 4, 5 మెట్లు చూడండి.
- కంప్యూటర్ వేసినప్పటి నుంచి లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది: కేబుల్ తిరగేసి గుచ్చారు. 5వ మెట్టు.
- లైటు వెలుగుతుంది, ఫ్లాపీ తిరుగుతుంది, కాని హెడ్ కదిలే టకటక చప్పుడు రాదు: పట్టాల మీద గ్రీజు గట్టిపడింది. 8వ మెట్టు.
- హెడ్ కదులుతుంది, మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి ప్రయత్నిస్తుంది, చివరికి లోపం చూపుతుంది: హెడ్ మురికి. నేను విప్పిన డ్రైవ్‌లలో ఎక్కువ భాగం ఇవే. 7వ మెట్టు.
- తన మీద రాసిన ఫ్లాపీలను చదువుతుంది, బయటి ఫ్లాపీలను చదవదు: హెడ్ వరుస తప్పింది. 12వ మెట్టు.
- ఫ్లాపీ మార్చినా పాత ఫ్లాపీలోని ఫైళ్ల పట్టికనే చూపిస్తుంది: ఫ్లాపీ మారిందని చెప్పే సంకేతం కంప్యూటర్‌కు అందడం లేదు. కేబుల్‌లోని 34వ తీగ లేదా డ్రైవ్ లోపలి చిన్న మీట కారణం.

చివరిది చూడటానికి నవ్వులాటగా ఉన్నా అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే. ఆ స్థితిలో మీరు ఏదైనా ఫైలు రాస్తే, పాత ఫ్లాపీ పట్టిక కొత్త ఫ్లాపీ మీద పడి దానిలోని సమాచారం మొత్తం చెదిరిపోతుంది.

4. బయాస్ చూడండి

పాత కంప్యూటర్‌ను చాలాకాలం తరువాత వేస్తే, మదర్‌బోర్డు మీద ఉన్న సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి సెట్టింగులు చెరిగిపోయి ఉంటాయి. తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తే అదే గుర్తు. మంచి బ్యాటరీ 3 వోల్టులు చూపాలి. కొత్తది వేసి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు డిలీట్ మీట నొక్కి, స్టాండర్డ్ సీమాస్ పేజీలో డ్రైవ్ ఏ ఎదురుగా 1.44 ఎంబీ, 3.5 అంగుళాలు అని ఉందో లేదో చూడండి. ఫ్లాపీ కంట్రోలర్ ఎనేబుల్ అయి ఉండాలి. మార్చినది సేవ్ చేసి బయటకు రండి.

5. కరెంటు ప్లగ్, కేబుల్

కంప్యూటర్ ఆపి, గోడ నుంచి వైరు పీకి, పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి ఆ తరువాత లోపల చేయి పెట్టండి. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు, వైరు పీకిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది.

డేటా కేబుల్ 34 తీగల వెడల్పాటి పట్టీ. దాని ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది, అది 1వ పిన్ను వైపు రావాలి. చాలా డ్రైవ్‌లలో 1వ పిన్ను కరెంటు ప్లగ్ వైపు ఉంటుంది గాని అన్నిటిలో కాదు, సర్క్యూట్ బోర్డు మీద ముద్రించిన అంకె చూసి నిర్ధారించుకోండి. కేబుల్ మధ్యలో కొన్ని తీగలు మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక తరువాత ఉన్న కొనకు గుచ్చిన డ్రైవే ఏ డ్రైవ్ అవుతుంది. మెలికను చూసి కేబుల్ చెడిపోయిందని దాన్ని సాఫు చేసి తెచ్చిన మహానుభావుడు కూడా ఒకాయన ఉన్నాడు. అది అలా ఉండవలసిందే.

కేబుల్ తిరగేసి గుచ్చితే డ్రైవ్ కాలిపోదు, లైటు మాత్రం ఆరదు. కాని ఆ స్థితిలో ముఖ్యమైన ఫ్లాపీ పెట్టకండి. కరెంటు ప్లగ్ విషయం అలా కాదు. ఎరుపు, నలుపు, నలుపు, పసుపు రంగుల ఆ చిన్న నాలుగు తీగల ప్లగ్ ఒక పిన్ను పక్కకు జరిగి కూర్చుంటే డ్రైవ్ అక్కడికక్కడే కాలిపోతుంది. చీకట్లో చేత్తో తడుముతూ గుచ్చకండి, టార్చి వేసి నాలుగు పిన్నులూ లోపలికి వెళ్లాయని కళ్లతో చూడండి. మీటరు ఉంటే ఎరుపు, నలుపు తీగల మధ్య 5 వోల్టులు, పసుపు, నలుపు తీగల మధ్య 12 వోల్టులు రావాలి. ఎరుపు తీగలో 4.75 కంటే తక్కువ ఉంటే లోపం డ్రైవ్‌ది కాదు, ఎస్ఎంపీఎస్‌ది.

6. డ్రైవ్‌ను బయటకు తీసి దుమ్ము దులపండి

పాత కంప్యూటర్ పెట్టెల్లో ఫ్యాన్ గాలిని బయటకు తోసేది. బయటి గాలి లోపలికి వచ్చే దారుల్లో ఫ్లాపీ మూతి ఒకటి. అంటే గదిలోని దుమ్మంతా ఏళ్ల తరబడి హెడ్ల మీదుగానే ప్రయాణించింది. రైసుమిల్లుల దగ్గరి షాపుల నుంచి వచ్చిన డ్రైవ్‌లను విప్పితే మెత్తటి తవుడు పొర కనిపిస్తుంది, క్రషర్ల వైపు ఊళ్ల నుంచి వచ్చినవాటిలో తెల్లటి రాతి పొడి. తవుడు బ్రష్షుకు వస్తుంది, రాతి పొడి మాత్రం హెడ్‌ను, ఫ్లాపీని రెండిటినీ అరగదీస్తుంది.

డ్రైవ్ పైన ఉన్న మూత రేకు సాధారణంగా ఒకటి రెండు స్క్రూలతోనో, పక్కన ఉన్న కొక్కేలతోనో నిలుస్తుంది. దాన్ని తీసి, బ్రష్షుతో దుమ్మును కదిలించి, రబ్బరు బల్బుతో బయటకు ఊదండి. నోటితో ఊదవద్దు, తుంపరలు పడతాయి. సైకిల్ షాపు కంప్రెసర్ గాలి కూడా వద్దు. దానిలో నీళ్లు, నూనె ఉంటాయి, ఆ వేగానికి పై హెడ్ స్ప్రింగు చెదురుతుంది. హెడ్లను మోసే బండి పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు దానికున్న చిన్న ప్లాస్టిక్ రెక్క ఒక నల్లటి గాడిలోకి దూరుతుంది. సున్నా ట్రాకు, అంటే డేటా రాసే గుండ్రటి వరుసల్లో మొదటిది, ఎక్కడుందో డ్రైవ్‌కు చెప్పే కన్ను అదే. ఆ గాడిలో దూది పోగు ఉన్నా హెడ్ ఎక్కడ ఆగాలో తెలియక గోడకు కొట్టుకుంటూ ఉంటుంది.

7. హెడ్లు తుడవండి

ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దు. హెడ్లు రెండు. కింది హెడ్ బండికి గట్టిగా బిగించి ఉంటుంది. పై హెడ్ కాగితమంత పలుచని స్ప్రింగు రేకుకు వేలాడుతూ ఉంటుంది, ఆ రేకు ఒకసారి వంగితే ఇక డ్రైవ్ పని అయిపోయినట్టే. పై చేతిని వేలి కొనతో, దూదిపుల్ల దూరేంత వరకు మాత్రమే ఎత్తండి. వదిలేటప్పుడు టపుక్కున వదలకండి. హెడ్లు ఒకదానికొకటి కొట్టుకుంటే అంచులు పగులుతాయి.

దూదిపుల్లను ఐసోప్రొపైల్‌లో ముంచి, బొట్లు కారకుండా పిండి, కింది హెడ్‌ను ముందుకు వెనక్కు మెల్లగా తుడవండి. అడ్డంగా రుద్దవద్దు. పుల్ల కొన మీద గోధుమ రంగు మరక కనిపిస్తుంది, అది పాత ఫ్లాపీల నుంచి రాలిన పూత. పుల్ల తెల్లగా వచ్చేవరకు కొత్త పుల్లలు మారుస్తూ తుడవండి, వాడిన పుల్లను మళ్లీ సీసాలో ముంచకండి. పై హెడ్‌ను కూడా అలాగే, ఇంకా తేలిక చేత్తో తుడవండి. పది నిమిషాలు ఆరనిచ్చి, టార్చి వేసి, దూది పోగు ఏదైనా చిక్కుకుందేమో చూడండి. శుభ్రమైన హెడ్ అద్దంలా మెరుస్తుంది, మధ్యలో సన్నటి గీతలు కనిపిస్తాయి.

రెండు హెడ్లలో ఏది మురికిగా ఉందో లోపం తీరును బట్టి ఊహించవచ్చు. 1.44 ఎంబీ ఫ్లాపీలో మొదటి సెక్టారు కింది వైపు ఉంటుంది, ఫైళ్ల పేర్ల పట్టిక పై వైపు మొదటి ట్రాకులో ఉంటుంది. ఫ్లాపీ ఫార్మాట్ కాలేదని వెంటనే చెబితే కింది హెడ్‌ను అనుమానించాలి. ఫ్లాపీని గుర్తుపట్టి, పట్టిక చూపించే దగ్గర మాత్రం తడబడితే పై హెడ్‌ను అనుమానించాలి. అయినా తుడవడం రెండిటినీ తుడవాల్సిందే.

డ్రైవ్ విప్పడానికి ధైర్యం చాలనివారికి హెడ్ క్లీనింగ్ ఫ్లాపీ అనేది ఒకటి ఉంది. ద్రవం చుక్కలు వేసి వాడేది అయితే ఒకటి రెండుసార్లు వాడవచ్చు. పొడిగా వాడేవి గరుకు కాగితం వంటివి, వాటిని నేను వాడను. ఎండి గట్టిపడిన మురికి ఏ క్లీనింగ్ ఫ్లాపీకీ రాదు, చేత్తో తుడిస్తేనే వస్తుంది.

8. పట్టాలు, మర

హెడ్ బండి ఒక పట్టా మీద జారుతుంది, దాన్ని మరలా చెక్కిన ఇనుప కడ్డీ ముందుకు వెనక్కు నడుపుతుంది. ఆ కడ్డీ మీద గ్రీజు పసుపు మైనంలా గట్టిపడితే బండి నడవదు. ఐసోప్రొపైల్ తడిపిన పుల్లతో పాత గ్రీజును పూర్తిగా తీసేసి, కొత్త లిథియం గ్రీజు ఆవగింజంత పెట్టి, కడ్డీని వేలితో మెల్లగా తిప్పి పరచండి. కొబ్బరి నూనె, కిరోసిన్, తుప్పు వదిలించే స్ప్రేలు వాడితే అవి పారి హెడ్ల దాకా చేరుతాయి. గ్రీజు అంటిన చేత్తో హెడ్లను తాకవద్దు.

కడ్డీని తిప్పే మోటారు స్క్రూలు, సున్నా ట్రాకు కన్ను స్క్రూ, ఈ రెండిటినీ వదులు చేయకండి. వాటికి ఎర్రటి లక్క చుక్క పెట్టి ఉంటుంది, ముట్టుకోవద్దన్నదే దాని అర్థం.

9. డ్రైవ్‌ను పరీక్షించండి

ఇప్పుడు పనికిరాని ఫ్లాపీని ముందు తలుపు జరిపి గీతలు లేవని చూసుకుని పెట్టండి. అర నిమిషం తిప్పి, బయటకు తీసి, మళ్లీ వెలుతురులో చూడండి. కొత్త గీత పడిందంటే హెడ్ ఇంకా శుభ్రం కాలేదు, 7వ మెట్టుకు తిరిగి వెళ్లండి.

గీత లేకపోతే అదే ఫ్లాపీకి గడి మూసి పూర్తి ఫార్మాట్ చేయండి. క్విక్ ఫార్మాట్ పట్టికను తుడిచి ఊరుకుంటుంది, రేకును పరీక్షించదు, కాబట్టి ఇక్కడ దానివల్ల ప్రయోజనం లేదు. ఫార్మాట్ సరిగా జరిగితే మొత్తం స్థలం 1,457,664 బైట్లు అని చూపాలి, చెడు సెక్టార్ల వరుస కనిపించకూడదు. చెడు సెక్టార్లు కనిపిస్తే అది ఫ్లాపీ లోపమా, డ్రైవ్ లోపమా అన్నది ఇంకొక ఫ్లాపీతో తేల్చుకోవాలి. రెండిటిలోనూ దాదాపు ఒకే చోట లోపం వస్తే డ్రైవ్‌దే తప్పు.

ఆ తరువాత ఒక పెద్ద ఫైలును దాని మీద రాసి, ఫ్లాపీని తీసి మళ్లీ పెట్టి, తిరిగి హార్డ్ డిస్కుకు కాపీ చేసి తెరిచి చూడండి. తీసి పెట్టడం ఎందుకంటే, లేకపోతే కంప్యూటర్ తన జ్ఞాపకంలో ఉన్నదాన్నే చూపించి మిమ్మల్ని మోసం చేయవచ్చు. చివరిగా, వేరే కంప్యూటర్‌లో రాసిన ఫ్లాపీ ఒకటి ఇక్కడ చదవబడుతుందా, ఇక్కడ రాసినది అక్కడ చదవబడుతుందా చూడండి. సొంతదాన్ని మాత్రమే చదివే డ్రైవ్ పాస్ అయినట్టు కాదు.

10. బూజు పట్టిన ఫ్లాపీ ఉంటే

దీన్ని చివరి ప్రయత్నంగా చేయండి, ముందు పనికిరాని ఫ్లాపీ మీద ఒకసారి అలవాటు చేసుకోండి. తలుపు తీసేసి, పలుచని బ్లేడుతో ప్లాస్టిక్ డొల్ల అతుకు దగ్గర విడదీసి, లోపలి గుండ్రటి రేకును ఇనుప బిళ్ల పట్టుకుని బయటకు తీయండి. బిళ్లను ఆనుకుని ఉన్న లోపలి చుట్టులో డేటా ఉండదు. ముందు అక్కడ ఐసోప్రొపైల్ తడి పుల్లతో తాకి చూడండి. పుల్లకు గోధుమ రంగు అంటితే పూతే ఊడి వస్తోందన్న మాట, అక్కడితో ఆపేయండి. అంటకపోతే మెత్తటి, పోగులు రాలని గుడ్డతో రెండు వైపులా మెల్లగా తుడిచి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మంచి ఫ్లాపీ ఒకటి విప్పి దాని శుభ్రమైన డొల్లలో ఈ రేకును పెట్టండి. బిళ్ల కింది వైపుకు రావాలి. ఫ్యాను కింద ఆరబెట్టకండి, ముసురు రోజుల్లో అసలు ఈ పని పెట్టుకోకండి.

ఇటువంటి ఫ్లాపీ చదివించిన ప్రతిసారీ హెడ్లను మళ్లీ తుడవాలి. నేను పైన చెప్పిన నాలుగు ఫ్లాపీలు ఈ ఒక్క జాగ్రత్త లేకనే పోయాయి.

11. అసలు ఫ్లాపీని ఒక్కసారే పూర్తిగా నకలు తీయండి

ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడటం మొదలుపెట్టవద్దు. మొత్తం ఫ్లాపీని ఒకే ఇమేజ్ ఫైలుగా హార్డ్ డిస్కులోకి తీసుకోండి. విండోస్‌లో విన్‌ఇమేజ్ వంటి ప్రోగ్రాం ఈ పని చేస్తుంది. లినక్స్‌లో డీడీరెస్క్యూ ఉంది, నాకు అదే నచ్చుతుంది, ఎందుకంటే అది బాగున్న భాగాలను ముందు తీసుకుని, మొండికేసిన సెక్టార్లకు ఆ తరువాత తిరిగి వస్తుంది. ఎక్కడ ఆగిందో ఒక పట్టికలో రాసుకుంటుంది కాబట్టి, రేపు ఇంకొక డ్రైవ్‌లో పెట్టి మిగిలిన భాగాన్ని మాత్రమే చదివించవచ్చు. ఒక డ్రైవ్‌కు రాని సెక్టారు ఇంకొకదానికి రావడం నేను చాలాసార్లు చూశాను.

ఇమేజ్ ఫైలు సరిగ్గా 1,474,560 బైట్లు ఉండాలి. 720 కేబీ ఫ్లాపీ అయితే 737,280. ఫార్మాట్‌లో చూసిన అంకె కంటే ఇది ఎక్కువేమిటని కంగారు పడకండి. పట్టికల స్థలం కూడా ఇందులో కలిసి ఉంటుంది. సైజు సరిపోయినంత మాత్రాన అన్ని సెక్టార్లూ వచ్చినట్టు కాదు, ప్రోగ్రాం చివరలో చూపిన లోపాల సంఖ్యను కూడా చూడండి. చెక్ డిస్క్ వంటి మరమ్మతు ప్రోగ్రాములను ఫ్లాపీ మీద నడపకండి. అవసరమైతే ఇమేజ్‌కు ఇంకొక నకలు తీసి దాని మీద నడపండి.

12. ఇంత చేసినా చదవకపోతే

హెడ్ వరుస తప్పిన డ్రైవ్‌ను సరిచేయడానికి ప్రత్యేకమైన కొలత ఫ్లాపీ, సంకేతాలను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ కావాలి. దానికంటే వేరే డ్రైవ్ తెచ్చుకోవడం సులభం. పాత కంప్యూటర్లు కొనే తుక్కు షాపులో అడగండి, లేదా హైదరాబాద్ వెళ్లినప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతకండి. తెచ్చినదాన్ని కూడా 6వ మెట్టు నుంచి శుభ్రం చేసి, 9వ మెట్టు పరీక్ష పెట్టిన తరువాతనే నమ్మండి. ఒక్క మినహాయింపు: ఫ్లాపీని రాసిన ఆ పాత డ్రైవే వరుస తప్పినదైతే, ఆ ఫ్లాపీని చదవగలిగేది కూడా బహుశా అదొక్కటే. కాబట్టి నకలు చేతికి వచ్చేవరకు పాత డ్రైవ్‌ను తుక్కులో వేయకండి.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ చాలామందికి సరిపోతుంది, బయాస్, కేబుల్ బాధలు దానికి లేవు. అయితే అది మామూలు 1.44 ఎంబీ, 720 కేబీ ఫ్లాపీలకే పరిమితం. కొన్ని ఎంబ్రాయిడరీ మిషన్లు తమ సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఫ్లాపీలను అది చదవదు. వాటికి గ్రీజ్‌వీజల్ అనే చిన్న బోర్డు ఉంది. మామూలు డ్రైవ్‌ను దానికి తగిలించి యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు కలిపితే, ఫార్మాట్ ఏదైనా రేకు మీది అయస్కాంత సంకేతాలను ఉన్నవి ఉన్నట్టు నమోదు చేస్తుంది.

ఇక ఫైళ్లు చేతికి వచ్చిన తరువాత ఎక్కువమంది నాకు రెండోసారి ఫోన్ చేసే సందర్భం ఒకటుంది. ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి, డేటా చెడిపోయిందనుకుని ఇమేజ్‌ను కూడా చెరిపేసేవాళ్లు ఉన్నారు. ఆ కాలపు కంపోజింగ్ అంతా అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో జరిగింది, అన్ని కంప్యూటర్లకూ తెలిసే ఇప్పటి అక్షరాల పద్ధతి యూనికోడ్ అప్పుడు వాడుకలో లేదు. ఆ ఫాంటు ఇప్పటి కంప్యూటర్‌లో లేకపోతే ఎంత మంచి ఫైలైనా అలాగే కనిపిస్తుంది. ఫైలు చెడిందా, ఫాంటు లేదా అన్నది తెలుసుకోవాలంటే కొన్ని పంక్తులు పరీక్షగా చూడండి: ఒకే గుర్తుల గుంపులు మళ్లీ మళ్లీ వస్తూ, మధ్య మధ్య మామూలు మాటల మధ్య ఉన్నట్టు ఖాళీలు, చుక్కలు, అంకెలు సరిగ్గా కనిపిస్తే అది తెలుగే. అదే ఫాంటు వేసుకుని మళ్లీ తెరవండి.